నోరు లేని ఫోనే మేలు

కొత్తగా కొన్న స్మార్ట్‌ఫోన్ మొదటి రోజే పాడైందా? అయితే మీ అంత అదృష్టవంతులు ఇంకొకరు లేరు!

ఈ మాట నేను ఆషామాషీగా అనడం లేదు. సర్వీస్ సెంటర్‌లో ఒక కాలు కుంటిదైన ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని, టోకెన్ చేత్తో పట్టుకుని, ఎదుటి గోడ మీద పోస్టర్లో నవ్వుతున్న అమ్మాయి పళ్ళు చూసుకుంటూ బాగా ఆలోచించి తేల్చుకున్న మాట ఇది. ఆ కుర్చీలో కూర్చున్నవాడికి ఆలోచించుకోవడానికి కావలసినంత తీరిక దొరుకుతుంది. అదీ ఒక లాభమే అనుకోండి.

బాగా పనిచేసే ఫోన్ ఉన్నవాళ్ళను చూస్తే నాకు జాలి. ఎవరు పిలిచినా పలకాలి. పలికితే ఏదో ఒకటి ఒప్పుకోవాలి. ఒప్పుకుంటే చేయాలి. చేయకపోతే మళ్ళీ ఫోన్ వస్తుంది. ఈ సుడిగుండంలోంచి మనిషిని ఒడ్డుకు లాగడానికి ఒక దయగల కంపెనీ పూనుకుంటే, మనం దాన్ని లోపం అంటున్నాం. మనకు కృతజ్ఞత ఎప్పుడుంది గనక?

మా ఇంటికి వచ్చిన ఫోన్ ఎలాంటిదో ముందు మనవి చేస్తాను. చూడటానికి ముచ్చటగా ఉంటుంది. తెర మీద ముఖం చూసుకుని తల దువ్వుకోవచ్చు. అవతలివాళ్ళు మాట్లాడేది మనకు గంట కొట్టినట్టు వినబడుతుంది. మనం మాట్లాడేది మాత్రం అవతలివాళ్ళకు ఒక్క ముక్క వినబడదు.

ఇంతకంటే వరం ఏముంటుంది చెప్పండి? మనిషికి వచ్చే చిక్కుల్లో ముప్పాతిక మువ్వీసం నోటి వల్ల వచ్చేవే కదా? ఊరుకున్నంత ఉత్తమం లేదు, బోడిగుండంత సుఖం లేదు అన్నారు పెద్దవాళ్ళు. బోడిగుండు సంగతి నాకు తల మీద చేయి పెట్టుకుంటే తెలుస్తుంది. మొదటి సగం సంగతి ఈ ఫోన్ వల్ల తెలిసింది.

అసలు ఆ ఫోన్ నా కోసం కొన్నది కాదు. మా ఆవిడ కోసం కొన్నది.

మా ఆవిడ గొంతు గురించి మీకు కొంచెం చెప్పాలి. పెళ్ళయిన కొత్తలో ఆవిడ ఒక క్లినిక్‌లో ఎంక్వయిరీ బల్ల దగ్గర పనిచేసేది. అక్కడ పేషెంట్లను పిలవడానికి ఒక మైకు ఉండేది. ఆవిడ చేరిన వారానికే డాక్టరుగారు ఆ మైకు తీయించి అటక మీద పెట్టించేశారు. కరెంటు దండగ అని. ఆవిడ ఒక పేరు పిలిస్తే ఆ పేరు గల పేషెంటే కాదు, వీధి చివర సైకిల్ మీద పోతున్న అదే పేరు గల మనిషి కూడా దిగి వచ్చేవాడట. కానీ ఒట్టి కేక కాదు అది. భయపడి వచ్చినవాళ్ళు ఆ గొంతు విని కుదుటపడేవాళ్ళు. ఇది డాక్టరుగారే నాతో అన్నారు.

పిల్లలు పుట్టాక ఆ పని మానేసింది. పిల్లలు ఎదిగి, అమ్మ పిలిస్తే తలుపేసుకునే వయసుకు వచ్చాక, మళ్ళీ పనిలో చేరతానంది. ఊళ్ళో పెద్దాసుపత్రిలో ఫోన్ డెస్కు ఉద్యోగం ఖాళీ ఉందని తెలిసింది. ఆసుపత్రికి ఫోన్ చేసిన వాళ్ళతో మాట్లాడి, ఏ డాక్టరు దగ్గరికి ఎప్పుడు రావాలో చెప్పే పని. ఆవిడ కోసమే కుట్టించిన చొక్కాలాంటి ఉద్యోగం. దరఖాస్తు పెట్టిన రోజు నుంచీ కూని రాగాలు తీస్తూ వంట చేసింది. ఉప్పు రెండుసార్లు వేసింది. నేను నోరెత్తలేదు.

ఫోన్ ఉద్యోగం కాబట్టి మొదటి ఇంటర్వ్యూ ఫోన్లోనే అన్నారు. "ఆ గరగరమనే పాత ఫోన్ పెట్టుకుని ఇంటర్వ్యూ ఏంటక్కా? పరువు పోతుంది" అన్నాడు మా బావమరిది. వాడు లోకంలో ప్రతి వస్తువు గురించీ రివ్యూలు చదువుతాడు. చదివి, మన చేత కొనిపిస్తాడు. అలా వాడు చెప్పిన షాపులో, వాడు చెప్పిన మోడల్ కొన్నాం. షాపువాడు బిల్లు కొట్టేదాకా మా ఆవిడను మేడమ్ అన్నాడు. బిల్లు కొట్టాక ఆంటీ అన్నాడు. ఆ మార్పులోనే మాకు అర్థం కావలసింది. కాలేదు.

ఇంటర్వ్యూ చేసింది మనిషి కాదు. మనిషికైతే జీతం ఇవ్వాలి కదా. రికార్డు చేసిన గొంతు ఒకటి ప్రశ్న అడుగుతుంది. బీప్‌మంటుంది. మనం చెప్పాలి. కాసేపటికి "ధన్యవాదాలు, తర్వాతి ప్రశ్న" అంటుంది. మా ఆవిడ ఇస్త్రీ చీర కట్టుకుని, జడ సవరించుకుని, మంచం మీద నిటారుగా కూర్చుంది. నేను పక్క గదిలో పేపరు అడ్డం పెట్టుకుని విన్నాను.

"ఫోన్ చేసిన వ్యక్తి ఏడుస్తూ ఉంటే మీరేం చేస్తారు?" అని అడిగింది ఆ గొంతు.

"ముందు పేరు అడుగుతానండీ" అంది మా ఆవిడ. "పేరు చెప్పేటప్పుడు ఎవరైనా ఒక్క క్షణం ఏడుపు ఆపుతారు. ఆ క్షణంలో, నేను ఇక్కడే ఉన్నాను, ఫోన్ పెట్టను అని చెబుతాను. తర్వాత మిగతావి అడుగుతాను."

నాకు పేపరు మీద అక్షరాలు అలికినట్టయ్యాయి. ఇన్నేళ్ళ కాపురంలో ఆవిడకు ఇంత తెలుసని నాకు తెలియదు. అన్ని ప్రశ్నలకూ అలాగే చెప్పింది. చివర్లో ఆ గొంతు "ధన్యవాదాలు, మీతో మాట్లాడటం ఆనందంగా ఉంది" అంది. మా ఆవిడ "నాక్కూడా" అని, యంత్రం కదా అని గుర్తొచ్చి, సిగ్గుపడి నవ్వింది.

మర్నాడు మెసేజ్ వచ్చింది. అడిగిన ఏ ప్రశ్నకూ అభ్యర్థి సమాధానం చెప్పలేదు గనక ఎంపిక చేయలేకపోతున్నాం, మీ భవిష్యత్తుకు శుభాకాంక్షలు అని.

ఆవిడ ఆ మెసేజ్ చదివి, నాకు చూపించి, "నేను చెప్పాను కదండీ? మీరు విన్నారు కదా?" అని అడిగింది. విన్నాను అన్నాను. "అన్నిటికీ చెప్పాను కదా?" అంది. అన్నిటికీ చెప్పావు అన్నాను. ఆ పూట వంటింట్లోంచి ఒక్క చప్పుడు రాలేదు. మా ఇంట్లో అంత నిశ్శబ్దం నేనెప్పుడూ వినలేదు. నాకది అస్సలు నచ్చలేదని ఇక్కడే చెప్పేస్తున్నాను.

సరే, ఏడుపుగొట్టు సంగతులు మానేసి లాభాల దగ్గరికి వద్దాం.

మొదటి లాభం మా బావమరిది వల్ల వచ్చింది. ఇంటర్వ్యూ ఎలా జరిగిందో కనుక్కుందామని అక్కకు ఫోన్ చేశాడు. అక్క మాట్లాడుతూనే ఉంది. వాడికి నిశ్శబ్దం. మళ్ళీ చేశాడు. మళ్ళీ నిశ్శబ్దం. అక్కకు తన మీద పీకలదాకా కోపం వచ్చిందని నిశ్చయించుకున్నాడు. ఎందుకు వచ్చి ఉంటుందా అని తన పాపాలన్నీ తవ్వుకున్నాడు. సాయంత్రం గుమ్మంలో వచ్చి నిలబడ్డాడు. భుజం మీద మా నిచ్చెన ఉంది. ఎన్నడో బల్బు మార్చుకుంటానని పట్టుకుపోయిన నిచ్చెన! దాని మీద మేము ఆశ వదులుకుని స్టూలు మీద స్టూలు వేసుకుని బతుకుతున్నాం.

"తప్పయిపోయిందక్కా. మాట్లాడకుండా మాత్రం ఉండకు" అన్నాడు.

"మాట్లాడుతూనే ఉన్నాను కదరా" అంది ఆవిడ.

అప్పుడు బయటపడింది అసలు సంగతి. వాణ్ణి వీధిలోకి పంపి, ఫోన్ చేయించి చూశాం. ఆవిడ అరిచింది. పక్కింటి కుక్క లేచింది. వాడికి మాత్రం ఫోన్లో ఏమీ వినబడలేదట, కిటికీలోంచి వినబడిందట.

ఆ క్షణం నుంచి నా పాత ఫోన్ ఆవిడ తీసుకుంది. కొత్తది నాకు దక్కింది. అప్పటి నుంచీ నా జీవితం పూలపాన్పు. మా ఎడిటరుగారు ఫోన్ చేసి, వ్యాసం ఆలస్యమైందని తిట్టి, ఎదురు సమాధానం రాకపోయేసరికి చల్లబడి, "మీరు ఇంత సహనపరులని అనుకోలేదు" అన్నారు. నేను ఇవతల ఏమన్నానో ఆయనకు తెలిస్తే ఈ కాలమ్ మీరు చదువుతూ ఉండేవాళ్ళు కాదు. అప్పు అడగడానికి ఫోన్ చేసిన పాత స్నేహితుడు హలో హలో అని, సిగ్నల్ లేదనుకుని, ఇంకొకరిని వెతుక్కున్నాడు. ఇన్సూరెన్స్ అమ్మే అమ్మాయి పాలసీ మొత్తం వల్లించి, మౌనం అర్ధాంగీకారం అనుకుని సంబరపడి, సంతకం ఎక్కడ చేస్తారని అడిగి, చివరికి తనే విసిగి పెట్టేసింది. నేను ఒక్క అబద్ధం ఆడాల్సిన అవసరం రాలేదు. ఏ బాబా దగ్గర దొరుకుతుంది ఇంతటి శాంతి?

అందుకే మా ఆవిడతో, "పోనీలే, అదృష్టం ఇంటికి వచ్చింది, కాలదన్నుకోకు" అన్నాను. ఆవిడ నా వైపు చూసిన చూపును ఇక్కడ వర్ణించను. "అడగందే అమ్మైనా పెట్టదు" అంది. బిల్లు తీసి కొంగున ముడి వేసుకుని బయల్దేరింది. వెనకే నేనూ, నా శాంతీ.

షాపువాడు చాలా మర్యాదస్తుడు. "ఆంటీ, వస్తువు గుమ్మం దాటిందంటే మాకు సంబంధం లేదు, కంపెనీని అడగండి" అన్నాడు. కొనేటప్పుడు కంపెనీ అంటే తానే అన్నట్టు మాట్లాడిన మనిషి! కంపెనీకి ఫోన్ చేశాం. ఏ ఫోన్ మీద ఫిర్యాదో ఆ ఫోన్ నుంచే చేయాలట. అది వాళ్ళ నియమం. చేశాం. "మీ సమస్యను క్లుప్తంగా చెప్పండి" అంది రికార్డు గొంతు. చెప్పాం. "క్షమించండి, మీరేమీ చెప్పలేదు" అంది. ఇంకా క్లుప్తంగా చెప్పాం. "మీకు ఏ సమస్యా లేనట్టుంది, సేవ చేసే భాగ్యం కలిగించినందుకు ధన్యవాదాలు" అని పెట్టేసింది. ఆ కంపెనీకి ఫిర్యాదులే రావని వాళ్ళ ప్రకటనల్లో రాస్తారు. నిజమే రాస్తున్నారు. అనవసరంగా అనుమానించాం.

ఇక సర్వీస్ సెంటర్. అక్కడ నాకు ఒక పెద్ద బంధువర్గం దొరికింది. వరసగా కూర్చున్న వాళ్ళందరి చేతుల్లోనూ మా మోడలే. ఒక డ్రైవరు, ఒక టైలరమ్మ, గొంతు కూడా సరిగ్గా విప్పని ఒక కొత్త పెళ్ళికొడుకు. అందరి ఫోన్లూ మూగవే. పెళ్ళికొడుకు భార్య అలిగి పుట్టింట్లో ఉందట. అలిగిన ఆవిడకు అతను ఫోన్లో చెప్పిన క్షమాపణ చేరలేదట. దాంతో అలక గట్టిపడిందట. ఒకే కష్టం ఉన్నవాళ్ళు ఒక్కచోట చేరితే ఎంత హాయిగా ఉంటుందో మీకు తెలుసా? పెళ్ళి భోజనాల దగ్గర కూడా అంత కలివిడిగా మాట్లాడలేదు నేను.

కౌంటర్ వెనక కళ్ళజోడు టెక్నీషియన్ ఒకాయన ఉన్నాడు. ఏం చెప్పినా రీస్టార్ట్ చేశారా అని అడుగుతాడు. అందుకని మా ఆవిడ ఆయనకు రీస్టార్టుగారు అని పేరు పెట్టింది. రీస్టార్టుగారు మా ఫోన్‌ను రీస్టార్ట్ చేశాడు. తుడిచాడు. తన ఫోన్ నుంచి దానికి కాల్ చేసి, మా ఆవిడ చేతికిచ్చి, తన ఫోన్ చెవి దగ్గర పెట్టుకున్నాడు.

"హలో అనండి మేడమ్."

"హలో" అంది మా ఆవిడ, జానెడు వెడల్పున్న కౌంటర్ ఇవతల నిలబడి.

"చక్కగా వినబడుతోంది" అన్నాడు రీస్టార్టుగారు. "ఫోన్ బ్రహ్మాండంగా ఉంది."

"నేను మీ ఎదురుగా ఉన్నాను కదండీ" అంది ఆవిడ. "మీరు ఆ లోపలి గదిలోకి వెళ్ళి వినండి."

"కౌంటర్ వదిలి వెళ్ళకూడదు మేడమ్. టెస్ట్ అంటే ఇదే" అని, లోపం ఏమీ కనబడలేదు అని కాగితం మీద ముద్ర కొట్టి ఇచ్చాడు. ఆయన్ను అని ఏం లాభం? ఆయనకు నేర్పిన పరీక్ష అది. మా వెనక టైలరమ్మ ఫోన్ కూడా అలాగే బ్రహ్మాండంగా ఉందని తేలింది. పెళ్ళికొడుకుది కూడా. అతను మరీ మెల్లగా అన్నాడు గానీ, రీస్టార్టుగారు పెదవుల కదలిక చూసి పాస్ చేసేశాడు.

ఇక్కడితో ఊరుకుంటే కథ కంచికి, మనం ఇంటికి. ఊరుకోమనే నేను బతిమాలాను. వినియోగదారుల కోర్టుకు వెళ్తానంది మా ఆవిడ. లాయరు అక్కర్లేదట, మన సంగతి మనమే చెప్పుకోవచ్చట. అమ్మినవాడూ, తయారుచేసినవాడూ ఇద్దరూ జవాబు చెప్పాల్సిందేనట. ఎక్కడ తెలుసుకున్నావే ఇవన్నీ అంటే, అడిగాను, చెప్పారు అంది. ఏం కావాలని వెళ్తున్నావు, కొత్త ఫోనా, డబ్బా అన్నాను.

"ఏదో ఒకటి ఇస్తారు, అదలా ఉంచండి" అంది. "ఆ రోజు నేను మాట్లాడానని ఎవరైనా ఒప్పుకోవాలి. అది పట్టుకుని ఆసుపత్రికి వెళ్తాను."

కంపెనీ రాతపూర్వకంగా జవాబు పంపింది. ఫోన్‌లో ఏ లోపమూ లేదు, ఫిర్యాదుదారు సహజంగా మెల్లగా మాట్లాడే స్వభావం గలవారై ఉండవచ్చు అని. మెల్లగా! మా ఆవిడ! ఈ వాక్యం మా వీధిలో చదివి వినిపిస్తే జనం పనులు మానుకుని నవ్వారు. మా బావమరిది అయితే నిచ్చెన మళ్ళీ అడగడానికి వచ్చి, నవ్వు ఆపుకోలేక అడగడం మర్చిపోయి వెళ్ళిపోయాడు. చూశారా, ఇంకో లాభం!

కోర్టు అంటే నేను ఏదేదో ఊహించుకున్నాను. మామూలు హాలు. బెంచీలు, కిర్రుమనే ఫ్యాను, గోడకు ఒక తెర. పైన అధ్యక్షురాలు. ఆవిడ కళ్ళజోడును తాడు కట్టి మెళ్ళో వేసుకున్నారు, దగ్గు బిళ్ళ చప్పరిస్తున్నారు. కంపెనీ తరఫున ఒక లాయరుగారు, మడత నలగని నల్లకోటుతో వచ్చారు. షాపువాడు ఒక మూల కూర్చుని, మా ఆవిడను చూసి లేచి, "బాగున్నారా మేడమ్" అన్నాడు. చట్టానికి ఎంత శక్తి ఉందో నాకు అక్కడ తెలిసింది.

"మా సర్వీస్ సెంటర్‌లో పరీక్ష చేశారు మేడమ్" అన్నాడు నల్లకోటు అధ్యక్షురాలితో. "ఈవిడ హలో అన్నారు. మా టెక్నీషియన్ స్వయంగా విన్నాడు."

"విన్నాడండీ" అంది మా ఆవిడ. "నేను ఆయన ముక్కు ముందు నిలబడి అన్నాను. ఫోన్ లేకపోయినా వినేవాడు."

అధ్యక్షురాలు దగ్గు బిళ్ళను ఆ బుగ్గ నుంచి ఈ బుగ్గకు మార్చారు. "పక్క గదిలోంచి వినలేదా?" అని అడిగారు.

"ఆ ప్రొసీజర్ లేదు మేడమ్" అని, నల్లకోటు గొంతు సవరించుకున్నాడు. "అయినా మా హెడ్డాఫీసు నుంచి చీఫ్ ఇంజినీరుగారు సాక్ష్యం చెబుతారు. మా ఫోన్ మీద మాకు ఎంత నమ్మకమంటే, ఆయన ఇదే మోడల్ ఫోన్ నుంచి వీడియోలో మాట్లాడబోతున్నారు."

ఈ మాటకు మా ఆవిడ నా వైపు తిరిగింది. నేను ఫ్యాను వైపు చూశాను. ఇద్దరం నవ్వు బిగబట్టుకున్నాం.

తెర మీద ఇంజినీరుగారు ప్రత్యక్షమయ్యారు. బొమ్మ అద్దంలా ఉంది. ఆయన మెడలో టై ముడి కూడా కనబడుతోంది. "చెప్పండి, ఈ ఫోన్‌లో లోపం ఉందా?" అని అడిగారు అధ్యక్షురాలు. ఆయన అర్థమైనట్టు తలూపి, చెప్పడం మొదలుపెట్టారు. పెదవులు కదిలాయి. చేతులు కదిలాయి. హాల్లో ఫ్యాను చప్పుడు తప్ప ఏమీ లేదు. అధ్యక్షురాలు మళ్ళీ అడిగారు. ఆయన మళ్ళీ, ఈసారి ఇంకా ఆవేశంగా, చెప్పారు. బెంచీ మీద ఎవరో కిసుక్కుమన్నారు.

అధ్యక్షురాలు టైపు చేసే ఆవిడ వైపు తిరిగారు. "అడిగిన ప్రశ్నకు సాక్షి సమాధానం చెప్పలేదు అని రాయండి."

మా ఆవిడ చేయి నా మోచేతి మీద బిగుసుకుంది. ఆ వాక్యం మాకు బాగా పరిచయం.

"మేడమ్, ఆయన చెబుతున్నారు!" అని లేచాడు నల్లకోటు. "ఆయన పెదవులు చూడండి. చెబుతున్నది మనకు వినబడకపోతే అది ఆయన తప్పా? వినబడనంత మాత్రాన చెప్పలేదని రాసేస్తారా? ఇదేం న్యాయం? ఇంకొక్క అవకాశం ఇవ్వండి."

ఎంత చక్కగా మాట్లాడాడు! మా ఆవిడ రాత్రింబవళ్ళు నెమరేసుకున్న మాటలు, ఒక్క అక్షరం పొల్లుపోకుండా. అందుకే కాబోలు, ఆవిడకు కోపం రాలేదు. లేచి నిలబడింది.

"ఇవ్వండి మేడమ్" అంది. "పాపం ఆయన తప్పేం లేదు. ఆయన మాట్లాడారు, నేను చూశాను. ఫోన్ చేరవేయలేదు, అంతే. ఆ ముక్క రాసి, ఆయనకు ఇంకో అవకాశం ఇవ్వండి."

"అలా రాయమంటారా?" అని నల్లకోటును అడిగారు అధ్యక్షురాలు.

ముందు నుయ్యి, వెనక గొయ్యి. రాయొద్దంటే సాక్షి నోరు విప్పనట్టు. రాయమంటే ఫోన్ పాడైనట్టు. "నెట్‌వర్క్ వల్ల కూడా..." అని గొణిగాడు. "బొమ్మ బాగానే వస్తోందిగా" అన్నారు అధ్యక్షురాలు. నల్లకోటు ఇంకేదో వెతుక్కుంటున్నాడు. ఈలోగా ఇంజినీరుగారు, ఇక్కడి మాటలన్నీ గంట కొట్టినట్టు వింటున్నారు కదా, పాపం కంగారుపడ్డారు. ఒక తెల్ల కాగితం తీసుకుని, పెద్ద పెద్ద అక్షరాలతో ఏదో రాసి, కెమెరాకు అడ్డంగా పట్టుకున్నారు.

'ఈ ఫోన్ ఇంతే. వేరే కంపెనీ ఫోన్ తెప్పించి చేస్తాను.'

అధ్యక్షురాలు కళ్ళజోడు పెట్టుకుని దాన్ని పైకి చదివారు. టైపు చేసే ఆవిడ నవ్వుతూనే టైపు చేసింది. నల్లకోటు కళ్ళు మూసుకుని కూర్చున్నాడు.

పాఠకులారా, నేను ఇప్పటికీ పాడైన ఫోన్ వరమనే అంటాను. ఎవరికి వరం అన్నదే చిన్న తేడా. ఇంజినీరుగారికి వాయిదా ఇచ్చారు. మళ్ళీ రమ్మన్నారు, వేరే ఫోన్‌లో, తీరిగ్గా, మర్యాదగా. కంపెనీ నోట మాట రాకపోతే అది సాంకేతిక సమస్య. మన నోటి మాట చేరకపోతే అది మనం చెప్పకపోవడం. మా ఆవిడకు ఎవరు వాయిదా ఇచ్చారు? సర్వీస్ సెంటర్ కుర్చీల్లో కూర్చున్న ఆ డ్రైవరుకు, టైలరమ్మకు, పెళ్ళాం అలిగిన ఆ పిల్లవాడికి ఎవరు ఇచ్చారు? వాళ్ళందరూ మాట్లాడారు. పెదవులు కదిలాయి. చూసిన నాథుడు లేడు, అంతే.

తీర్పు వచ్చింది. ఫోన్ వెనక్కి తీసుకోమన్నారు, డబ్బు తిరిగి ఇమ్మన్నారు. ఫోన్‌లోని లోపం వల్లే ఆ రోజు ఫిర్యాదుదారు మాట అవతలికి చేరలేదని రాశారు. మా ఆవిడ మొదటి రెండూ చదవలేదు. మూడోది పట్టుకుని ఆసుపత్రికి వెళ్ళింది. వాళ్ళు చదివి, సరే, మళ్ళీ ఫోన్ ఇంటర్వ్యూ పెడతాం అన్నారు. "ఫోన్ వద్దండీ" అంది ఆవిడ. "మీరు కూర్చోండి, నేను కూర్చుంటాను. అడగండి." ఎవరో ఒక పెద్దాయన, బహుశా ఆ రికార్డు గొంతుతో విసిగిపోయినవాడే, సరేనన్నాడు.

నా వరం పోయింది. నా పాత ఫోన్ నా దగ్గరికి వచ్చేసింది. ఈ నాలుగు ముక్కలూ ఆసుపత్రి వరండాలో కూర్చుని రాస్తున్నాను. ఇంటర్వ్యూ గది తలుపు వేసి ఉంది. ఆ తలుపు చాలా మందంగా ఉన్నట్టుంది గానీ, ఏం ఉపయోగం లేదు. ఇందాక బావమరిది నుంచి ఫోన్ వచ్చింది.

"బావా, వెనక అక్క గొంతే కదా అది?" అన్నాడు. "ఎవరి మీద కేకలేస్తోంది?"

"కేకలు కాదురా" అన్నాను. "అడిగినదానికి సమాధానం చెబుతోంది."